నీళ్లెప్పుడొస్తాయో అక్కయ్యనడగండి

ఈ వయసులో నేను ఒక ఫోను మీద అసూయపడ్డానంటే మీరు నవ్వుకుంటారని తెలుసు. అయినా చెప్పేస్తాను, ఎందుకంటే ఇది చదివేవాళ్లలో నా ఈడువాళ్లే ఎక్కువ ఉంటారు కనుక, బిందె చంకనెట్టుకుని కుళాయి ముందు పడిగాపులు పడ్డవాళ్లకి తప్ప ఈ బాధ ఇంకొకరికి అర్థం కాదు కనుక. మొన్న పొద్దున్న మా అపార్టుమెంటు వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక కబురు వచ్చింది. పైపులైను మరమ్మతుల వల్ల మర్నాడు మంచినీళ్లు రావని, ఉన్నవి పొదుపుగా వాడుకోవాలని, మళ్లీ వచ్చాక మొదటి నీళ్లు వదిలేసి తరవాతివి కాచుకుని తాగాలని, పనిలో పనిగా గ్యాసు ట్యూబు బీటలిచ్చిందేమో చూసుకుని మార్చుకోవాలని, రాత్రిపూట రెగ్యులేటరు కట్టేసి పడుకోవాలని రాశారు. మా కోడలు కాఫీ తాగుతూ అది పైకి చదివి, బొటనవేలి బొమ్మ ఒకటి నొక్కి, ఫోను పక్కన పడేసింది. అంతే, అయిపోయింది. ఒకప్పుడు ఇదే కబురు బెజవాడ వన్ టౌన్‌లో మా వీధి ఈ చివర నుంచి ఆ చివరకి పాకడానికి ఒక పూట పట్టేది, అదీ ఒకే ఒక్క మనిషి నోటి మీదుగా. ఆ పూటంతా ఆ మనిషి మా వీధికి మహారాణి. ఆ మహారాణి నేను కాను. నా బాధల్లా అదే.

ఆవిడ నా తోటికోడలు, మా బావగారి భార్య. నేను అక్కయ్యా అని పిలిచేదాన్ని, వీధిలో వాళ్లూ, నాకన్నా ముందు కాపురానికొచ్చినవాళ్లూ, చివరికి ఆవిడకన్నా పెద్దవాళ్లు కూడా అక్కయ్యనే పిలిచేవారు. వన్ టౌన్ అంటే అప్పటికే కిక్కిరిసిన చోటు, మా వీధికి ఒక పక్క బెల్లం, మిరపకాయల గోడౌన్లు, రెండో పక్క ఒకదాన్నొకటి ఆనుకుని ఇళ్లు, మధ్యలో తోపుడుబళ్ల సందడి. మా ఇల్లు రెండు వాటాలు, వీధి అరుగున్న వాటా వాళ్లది, పెరటివైపు వాటా మాది. ఎవరు వచ్చినా ముందు ఆవిడ అరుగు దాటాలి, అప్పుడు గానీ నా గుమ్మం రాదు. ఇల్లు కట్టినవాళ్లే నాకు అన్యాయం చేశారని నేను చాలాకాలం నమ్మాను, ఇప్పటికీ పూర్తిగా మానలేదు.

నేనేమో మైలవరం దగ్గర పల్లెటూరి పిల్లని. మా పుట్టింట్లో గిలకబావి ఉండేది, నీళ్లు కావాలంటే చేద వేసి తోడుకోవడమే, నీళ్లకి ఒక వేళ ఉంటుందని, అవి రాకపోవడం కూడా ఉంటుందని నాకు తెలియదు. బెజవాడ కాపురానికొచ్చిన కొత్తలో నీళ్లు నా ప్రాణం తీశాయి. ఒకరోజు తెల్లవారుతూనే వచ్చేవి, ఒకరోజు బారెడు పొద్దెక్కాక వచ్చేవి, ఎండాకాలం కాలవలు కట్టేస్తే సన్నటి ధార, కృష్ణకి వరదొస్తే టీ రంగు నీళ్లు. ఊళ్లో ఇన్ని ఇళ్లుండగా ఎవరికీ తెలియనిది ఆవిడకి మాత్రం తెలిసేది. రేపు పొద్దున్న రావు, రాత్రికే పట్టి పెట్టుకోండి అని ఆవిడ అంటే నీళ్లు రావు, అంతే. ఎదురింటి టైలరుగారి భార్య రంజాన్ నెల మొదలవుతుందనగానే ఆవిడ దగ్గరకి వచ్చి, తెల్లవారకముందు లేచేసరికి కుళాయి ఉంటుందో ఉండదో కనుక్కుని వెళ్లేది. పక్కింటి మాస్టారి భార్య పట్టిన నీళ్లలో పటిక ఎంత తిప్పాలో ఆవిడనే అడిగేది. మా అత్తగారు సరేసరి, నేను నీళ్ల గురించి ఏం చెప్పినా విని, తల ఊపి, ఎందుకైనా మంచిది అక్కయ్యని కూడా ఒకసారి అడుగు అనేవారు. ఆ మాట వినీ వినీ నాకు ఒళ్లు మండిపోయేది. నాకు పట్టుచీర లేదని ఏడవలేదు, నగలు లేవని ఏడవలేదు, ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఎవరైనా ఆ అరుగు దాటి నా గుమ్మం ముందుకొచ్చి, నీళ్లెప్పుడొస్తాయండీ అని నన్నడిగితే చాలని కోరుకున్నాను. అంత చిన్న కోరిక తీరకుండా ఉండటం ఎంత కష్టమో, అదేదో పెద్ద కోరికలు కోరుకున్నవాళ్లకి తెలియదు.

ఆవిడకి ఈ కబుర్లన్నీ ఎక్కడినుంచి వచ్చేవో కనిపెట్టడానికి నాకు ఎక్కువకాలం పట్టలేదు. అంతా మజ్జిగలో ఉంది. నీళ్లు వదిలే వాల్వు తిప్పే అతను, కరెంటు స్తంభమెక్కే అతను, కాలవ తూము ఊడ్చే అమ్మి, ఎవరు వీధిలోకొచ్చినా ఆవిడ అరుగు మీద కూర్చోబెట్టి, కరివేపాకూ ఉప్పూ వేసిన పల్చటి మజ్జిగ ఒక గ్లాసు ఇచ్చేది. ఏమీ అడిగేది కాదు. వాళ్ల పిల్లల జ్వరాల గురించీ, అత్తల ఆరళ్ల గురించీ వినేది. వాళ్లు గ్లాసు కింద పెట్టి లేచేలోపు ఊరి సంగతులు వాటంతట అవే బయటికొచ్చేవి. ఇదేం పెద్ద విద్యా అనుకున్నాను. నేను మజ్జిగ కాదు, కాఫీయే ఇస్తాననుకున్నాను.

ఒకరోజు అక్కయ్య గుడికెళ్లిన సమయం చూసి వాల్వు అతన్ని పెరటి దారిన పిలిచి, చిక్కటి కాఫీ ఇచ్చాను. నాకు ఆవిడలా ఊరుకోవడం రాదు కదా, అతను ఒక గుక్క తాగేలోపే, రేపు నీళ్లెప్పుడండీ అని అడిగేశాను. పొద్దున్నే వదుల్తామమ్మగారూ, బాగా వస్తాయి అన్నాడు. ఇంక చూసుకోండి, నేను చెంగు నడుముకి చెక్కుకుని వీధి వీధంతా తిరిగి చెప్పాను. అక్కయ్యతో మాత్రం చెప్పలేదు. మర్నాడు చీకటి ఉండగానే ఆడవాళ్లంతా బిందెలు, గంగాళాలు, ఆఖరికి అన్నం వార్చే గిన్నెలు కూడా వరస పెట్టారు. కుళాయి ఒకసారి గుర్రుమని ఊరుకుంది. ఎండెక్కింది, పిల్లలు బళ్లకి వెళ్లే వేళయింది, మొహాలన్నీ నావైపు తిరిగాయి. అప్పుడు అక్కయ్య వచ్చి, చూసి, నా చెవిలో చెప్పినట్టుగా, కానీ అందరికీ వినబడేలా, "పొద్దున్న వదిలేది కొండవైపు లైనుకి అయ్యుంటుంది చెల్లాయ్, మనకి సాయంత్రం కదూ" అంది. ఎవరి బిందెలు వాళ్లు తీసుకెళ్లిపోయారు. ఆవిడ కాస్త వెటకారంగా అని ఉంటే హాయిగా పోట్లాడేదాన్ని, అంత మెత్తగా అనేసరికి పోట్లాటకీ పనికి రాకుండా పోయాను.

అయితే నాకూ ఒక రోజు వచ్చింది. అప్పట్లో గ్యాసు కావాలంటే పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడాలని మీకు గుర్తుండే ఉంటుంది. మా వారు ఎప్పుడో పేరు రాయించి మరిచిపోయారు, బావగారు అసలు రాయించనే లేదు, బొగ్గుల కుంపటి మీద వండిన పప్పు రుచి గ్యాసుకి రాదని ఆయన సిద్ధాంతం. మా వీధిలో మొదటి గ్యాసు పొయ్యి నా వంటింట్లోకి వచ్చింది. ఎర్రటి సిలిండరును భుజాన మోసుకుని అక్కయ్య అరుగు ముందునుంచి నా గుమ్మంలోకి తెస్తుంటే నాకు కలిగిన ఆనందం నా పెళ్లిలో కూడా కలగలేదు. బిగించడానికొచ్చిన అతను ఏది ఎటు తిప్పాలో, ఏమేం చెయ్యకూడదో చాలాసేపు చెప్పాడు. నేను తల ఊపుతూనే ఉన్నాను, కళ్లు మాత్రం గుమ్మంలో ఎవరెవరు నిలబడి చూస్తున్నారో లెక్కపెట్టుకుంటున్నాయి. అతను పని ముగించుకుని, మామూలుగా వీధి అరుగు దగ్గర ఆగాడు. మామూలుగా ఆవిడ మజ్జిగ ఇచ్చింది.

కొత్త వస్తువు ఇంట్లోకొస్తే పసుపు రాసి, బొట్టు పెట్టి, హారతివ్వకుండా వాడే అలవాటు మన ఇళ్లల్లో ఎక్కడైనా ఉందా? కుట్టుమిషనుకి ఇచ్చాం, రేడియోకి ఇచ్చాం, మా వారి స్కూటరుకి ఇచ్చాం. గ్యాసుకి మాత్రం ఎందుకివ్వకూడదు? వీధిలో ఆడవాళ్లందరినీ పేరంటానికి పిలిచినట్టు పిలిచాను, అక్కయ్యని కూడా పిలిచాను, ఆవిడ చూడకపోతే ఇంక ఆ సంబరం ఎందుకు? సిలిండరుకి పసుపు రాసి నిలువుగా కుంకుమ దిద్దాను, పొయ్యికి మల్లెదండ వేశాను, మీటలకి ఒక్కొక్కదానికీ గట్టిగా అద్ది బొట్టు పెట్టాను. అలా పెట్టడంలో ఒక మీట తిరిగిందని నాకు తెలియదు. ఆ చిన్న వంటింట్లో పదిమందిమి, కిటికీ మీద నేను కొత్త పరదా కట్టాను, పెరటి తలుపు పిల్లులు వస్తాయని గడియ పెట్టాను. ఏదో వాసన వస్తోందని మాస్టారి భార్య అంది. కొత్త పొయ్యి కదండీ, కొత్త వాసన అన్నాను, కొత్తబట్టకి ఉండదూ, అలాంటిదే అని కూడా అన్నాను. ఆ వాసన మాలో ఎవరికీ అంతకుముందు ముక్కుకి తగిలింది కాదు మరి. కర్పూరం బిళ్ల పళ్లెంలో పెట్టి, అగ్గిపెట్టె తీశాను.

అక్కయ్య అందరికన్నా ఆఖరున వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు లోపలికొచ్చిందో చూడలేదు, నా చేతిలో అగ్గిపెట్టె మాత్రం లేదు. మనిషి అరవలేదు, ఒక్క మాట అంది: "ఎవరూ దీపం స్విచ్చి ముట్టుకోకండి, బయటికి పదండి." సిలిండరు మీద రెగ్యులేటరు కట్టేసింది, మీట తిప్పేసింది, పెరటి తలుపు బార్లా తీసింది, నా కొత్త పరదాని ఒక్క లాగు లాగి కింద పడేసింది. అత్తగారిని రెక్క పట్టుకుని పెరట్లో జామచెట్టు కింద కూర్చోబెట్టింది. ఫాను వేద్దాం, వాసన పోతుందని ఎవరో అంటే, "వద్దమ్మా, అదే వద్దన్నాడు. గ్యాసు కిందకి దిగి నేల మీద పాకుతుందట, తలుపులు తీసి ఉంచితే అదే పోతుంది" అని ఆపింది. పొయ్యి బిగించినతను మజ్జిగ తాగుతూ చెప్పినవన్నీ, నా వంటింట్లో నాకు చెప్పి నేను వినిపించుకోనివన్నీ, ఆవిడ పొల్లుపోకుండా వింది.

మా ప్రాణాలు దక్కాయి. అందులో నాకు అనుమానం లేదు, అప్పుడూ లేదు. జామచెట్టు కింద అందరూ ఆవిడ చుట్టూ చేరి, చేతులు పట్టుకుని, అక్కయ్యే లేకపోతే ఏమైపోయేవాళ్లమని కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే, పసుపు చేతులతో పక్కన నిలబడ్డ నాకు కృతజ్ఞత కలగాలి కదా. కలిగింది, కానీ దానికన్నా ముందు కడుపు రగిలిపోయింది. పొయ్యి నాది, పేరంటం నాది, రోజు నాది, చివరికి నా ప్రాణం కూడా ఆవిడ ఇచ్చినదే అయిపోయింది. ఎవరిని చూస్తే కళ్లల్లో నిప్పులు పోసుకుంటామో వాళ్లే వచ్చి మనల్ని కాపాడితే ఆ మంట ఆరదు సరికదా, ఇంకాస్త రాజుకుంటుంది. ఇది ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు, మీలో ఎవరికైనా అలా జరిగి ఉంటే మీకూ తెలిసే ఉంటుంది.

అంతటితో అయిందా? తరవాత ఏడాదికల్లా వీధిలో ఇంకొన్ని ఇళ్లకి గ్యాసు వచ్చింది, భయపడ్డ ఆడవాళ్లంతా ఆవిడ దగ్గరకి నేర్చుకోవడానికి వచ్చేవారు. ఆవిడింట్లో గ్యాసు లేదు కదా, అందుకని అందరినీ వెంటబెట్టుకుని నా వంటింట్లోకి వచ్చేది. నా సిలిండరు మీద, నా పొయ్యి దగ్గర నిలబడి, సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తే కారుతున్నట్టని, అగ్గిపుల్ల గీసి మాత్రం చూడకూడదని, సిలిండరు పడుకోబెట్టకూడదని, ట్యూబు వేడి గిన్నెలకి తగలకూడదని, ఊరెళ్లేటప్పుడు రెగ్యులేటరు కట్టెయ్యాలని, చీరకొంగు ముడేసుకుని వండాలని చెప్పేది. వాళ్లు నేల మీద కూర్చుని వినేవారు. నేను, ఆ పొయ్యికి సొంతదారుని, వాళ్లందరికీ కాఫీలు కలిపేదాన్ని. పోతూ పోతూ టైలరుగారి భార్య ఒక్కతే నావైపు చూసి, కాఫీ బాగుందమ్మా అనేది. పొయ్యి గురించి నన్నెవరూ ఏమీ అడగలేదు.

రోజులు గడిచాయి. బావగారు పోయాక అక్కయ్య కూతురి దగ్గరకని హనుమాన్ జంక్షన్ వెళ్లిపోయింది. మనసులో మాట చెప్పొద్దూ, ఆవిడ సామాను ఆటోలో ఎక్కుతుంటే ఏడుస్తూనే, ఇంక అరుగు నాదే అనుకున్నాను. మర్నాటి నుంచి అరుగు కడిగి ముగ్గేసి కూర్చున్నాను, మజ్జిగ కూడా చేసి పెట్టుకున్నాను, ఆవిడ వేసినట్టే కరివేపాకు వేసి. కానీ అప్పటికే కాలం మారిపోయింది. నీళ్లు రాకపోతే మైకు కట్టిన ఆటో ఒకటి వీధిలో తిరిగి చెప్పేది. వాల్వు అతను మోటారు సైకిలు మీద వచ్చి, దిగకుండానే పని చూసుకుని పోయేవాడు. తరవాత ఇంటింటికీ బోరింగులు, మేడల మీద ట్యాంకులు. ఆ తరవాత ఫోన్లు. ఏ కుర్చీ కోసం ఇన్నేళ్లు కుళ్లుకున్నానో, నా వంతు వచ్చేసరికి ఆ కుర్చీనే ఎవరో ఎత్తుకుపోయారు. కొన్నాళ్లకి ఆ ఇల్లు కూడా గోడౌను వాళ్లు కొనుక్కున్నారు, మేం ఈ అపార్టుమెంటుకి వచ్చేశాం.

పోయినేడు అక్కయ్య కంటి ఆపరేషనుకని వచ్చి కొన్నాళ్లు నా దగ్గర ఉంది. వచ్చిన రోజు సాయంత్రం, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, మామూలుగా, ఏమీ విశేషం లేనట్టుగా అడిగింది: "ఇక్కడ నీళ్లు ఎన్నింటికొస్తాయే చెల్లాయ్?"

మా ఇంట్లో పంపు తిప్పితే ఎప్పుడైనా నీళ్లే. ఆ మాటే చెప్పబోయి ఆగాను. నన్ను అడిగింది. ఇంత బతుకులో ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి మనిషి, అదీ ఆవిడ. "పొద్దున్న ఆరింటికొస్తాయక్కయ్యా, ఓ గంట ఉంటాయి, లేపుతాలే" అన్నాను. సరే అని తల ఊపింది, ఇంకెవరినీ అడగలేదు. మర్నాడు ఆరింటికి నిజంగానే లేపాను, ఇద్దరం బాల్చీలు, గిన్నెలు, మా కోడలి స్టీలు డబ్బాలు కూడా నింపి పెట్టుకున్నాం. మా కోడలు చూసి ఏదో అనబోతే కళ్లతోనే ఆపాను. ఆ గంట నేను ఎంత గొప్పగా తిరిగానో చెప్పలేను, ఆ గిన్నె ఇక్కడ పెట్టు, ఇది ముందు నింపు అని ఆవిడకి పనులు కూడా పురమాయించాను.

పదింటికి ఆవిడ లిఫ్టు దగ్గర పక్క ఫ్లాటు అమ్మాయితో మాటలు పెట్టుకుంది. ఎక్కడికెళ్లినా ఆవిడకి అరుగు దొరుకుతుంది. నేను తలుపు వెనక నుంచి వింటూనే ఉన్నాను. పొద్దున్న నీళ్లు పట్టుకున్నావా అమ్మా అని అక్కయ్య అడిగితే, ఆ అమ్మాయి నవ్వి, మనకి ఇరవైనాలుగు గంటలూ వస్తాయి కదా ఆంటీ అంది. ఆవిడ లోపలికొచ్చింది. నా మొహం చూసింది. పంపు వైపు చూసింది. పెరుగు గిన్నె దగ్గరకి తీసుకుని మజ్జిగ చెయ్యడం మొదలుపెట్టింది. పొద్దుగూకేదాకా ఎప్పుడు దెప్పుతుందా అని చూశాను, దెప్పలేదు.

మరుసటి పొద్దున్న నేను కావాలనే లేవలేదు. ఎవరో భుజం తట్టారు. చూస్తే అక్కయ్య, ముక్కు మీద కళ్లజోడు, చేతిలో బాల్చీ. "లే చెల్లాయ్, ఆరవుతోంది. నువ్వు చెప్పావుగా, మళ్లీ పోతాయి" అంది. ఆపరేషనై కంటికి కట్టు ఉన్నా, వెళ్లేదాకా రోజూ అలాగే లేపింది, రోజూ అలాగే పట్టుకున్నాం. అందులో కూడా ఆవిడే నన్ను మించిపోయింది చూశారా అని ఇప్పటికీ కుళ్లుకుంటూనే ఉన్నాను.

ఇప్పుడు అందరికీ అన్నీ ఒకేసారి తెలిసిపోతున్నాయి, మంచిదే, ఎవరి వంటిల్లూ తగలబడకుండా ఉంటే అంతకన్నా ఏం కావాలి? కానీ ఒకరికి తెలిసి ఒకరికి తెలియకపోవడం వల్ల మేం ఒకరి గుమ్మంలోకి ఒకరం వెళ్లేవాళ్లం, ఒకరి మీద ఒకరం కుళ్లుకునేవాళ్లం. ఆవిడ హనుమాన్ జంక్షన్ వెళ్లిపోయింది. పంపులో నీళ్లు వస్తూనే ఉన్నాయి. ఆరింటికి మాత్రం నాకు మెలకువ వచ్చేస్తోంది.